మనసు బాగాలేని రోజున నడక

ప్రశ్న: నా వయసు 69. ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకోవడం తప్ప చెప్పుకోదగ్గ జబ్బేమీ లేదు. రెండేళ్ల క్రితం నా భార్య కాలం చేసింది. డాలస్‌లో ఉంటున్న మా అమ్మాయి రాత్రి ఫోను చేసి మాట్లాడితే, మర్నాడు తెల్లవారకముందే లేచి నాలుగు కిలోమీటర్లు నడిచి వస్తాను. ఫోను రాకపోతే మర్నాడు గేటు దాకా వెళ్లాలన్నా కాళ్లు కదలవు. మా అబ్బాయి దీన్ని బద్ధకం అంటున్నాడు. నిజమేనా?
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మాస్టారూ, బద్ధకం అన్న మాటను ముందు మనసులోంచి తీసేయండి. సోమవారం నాలుగు కిలోమీటర్లు నడిచిన కాళ్లే బుధవారం గేటు దాకా రానంటున్నాయంటే, రెండు రోజుల్లో కండరాల బలం కరిగిపోయిందని కాదు కదా! ఆ రాత్రి మీకు కలిగిన దిగులు, దానివల్ల చెడిన నిద్ర మర్నాటి నడకను నిర్ణయిస్తున్నాయి. పెద్దవయసులో ఇది చాలామందికి అనుభవమే. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ మనసు ఎలా ఉన్నా బడిగంట మిమ్మల్ని ఇంట్లోంచి బయటికి తెచ్చేది. ఇప్పుడు ఆ గంట లేదు, పొద్దున్నే కాఫీ ఇచ్చి బయలుదేరదీసే మనిషీ లేరు, కాబట్టి భారమంతా ఆనాటి ఉత్సాహం మీదే పడుతోంది.

అయితే ఉత్సాహం వచ్చాకే నడవాలని కూర్చుంటే మంచిరోజులు మాత్రమే మీకు మిగులుతాయి. కుంగుబాటుకు చేసే మానసిక చికిత్సల్లో, మనసు ఒప్పుకునేదాకా ఆగకుండా ముందు చిన్న పనితో మొదలుపెట్టించే పద్ధతి ఒకటుంది. పెద్దవారిలోనూ అది ఉపయోగపడుతోంది. మీరూ దిగులుగా ఉన్న రోజున నడకను మానేయకుండా తగ్గించుకోండి. వీధి చివరి దాకా వెళ్లి రావడం చాలు. ఒకేసారి కనీసం పది నిమిషాలు చేస్తేనే లెక్క అనే పాత షరతును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నాటి మార్గదర్శకాల్లో తీసేసింది. 65 ఏళ్లు దాటినవారికి అది చెప్పే 150 నిమిషాలు వారం మొత్తానికి సంబంధించినవి కనుక, బుధవారం తగ్గినది శుక్రవారం పూడ్చుకోవచ్చు. వారానికి మూడు రోజులు తూలిపోకుండా నిలిపే వ్యాయామాలు, రెండు రోజులు కండరాలకు బలమిచ్చేవి చేయమని కూడా అందులో ఉంది. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం అలాంటిదే. దానికి గేటు దాటనక్కర్లేదు.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. బయలుదేరే ముందు మనసెలా ఉందో పదికి ఎన్ని మార్కులో వేసుకుని, తిరిగొచ్చి చెప్పులు విడిచాక మళ్లీ వేయండి. విద్యార్థుల పేపర్లు దిద్దిన చేతికి ఇది కష్టం కాదు. నెల తిరిగేసరికి, తక్కువ మార్కులతో బయలుదేరిన రోజుల్లో వెనక్కి వచ్చాక ఏమైందో మీ చేతిరాతలోనే కనిపిస్తుంది. అబ్బాయికి ఆ పేజీలు చూపించండి.

ఇక నేను పట్టించుకోమని గట్టిగా చెప్పే విషయం వేరే ఉంది. దిగులు ఒకరోజుతో పోకుండా రెండు వారాలు దాటినా, తిండి సహించకపోయినా, తెల్లవారుజామునే మెలకువ వచ్చి బతుకు మీద విరక్తి కలుగుతున్నా అది కుంగుబాటు కావచ్చు. దానికి వైద్యం ఉంది. మానసిక ఆరోగ్యం కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. నీరసం రోజూ ఉంటే మాత్రం రక్తహీనత, థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించుకోండి. అటెనలాల్ వంటి కొన్ని బీపీ మాత్రల వల్ల కూడా అలసట రావచ్చు కనుక మీ మాత్ర పేరు వైద్యుడికి చూపించండి, సొంతంగా మానేయవద్దు.

అమ్మాయి ఫోను సంగతి చివరిగా. ఆమెకు తీరిక దొరికే వేళను బట్టి మీ మర్నాడు నడుస్తోంది. మనకు ఉదయం ఆరున్నర అయినప్పుడు డాలస్‌లో ముందురోజు రాత్రి ఏడో ఎనిమిదో అవుతుంది. వారానికి రెండు మూడు రోజులు ఆ వేళకే ఫోను చేయమని అడగండి. మీరు వాహనాలు తిరగని మైదానంలో నడుస్తూ మాట్లాడండి. ఎందుకు అడుగుతున్నారో, నాకు రాసినట్టే ఆమెకూ చెప్పండి.