చావింటి గుమ్మం దాటేటప్పుడు

అమ్మాయీ,

నీకూ, అయ్యగారికీ, చంటిదానికీ ప్రభువు నామంలో వందనాలు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. "పెద్దమ్మా, గుమ్మం దాకా వెళ్లాను. లోపల ఏడుపు వినేసరికి కాళ్లు కదల్లేదు. ఒక్క వాక్యం గుర్తుకు రాలేదు. పాస్టరమ్మనయ్యుండి ఇలా అయితే ఎలా?" అని రాశావు. మీ పెదనాన్నగారు సేవలో ఉన్న నలభై రెండేళ్లూ, మేము ఏ ఊళ్లో ఉన్నా, సంఘంలో ఆడమనిషి ప్రభువునందు నిద్రిస్తే, అంటే చనిపోతే, స్నానం చేయించడానికి నన్నే పిలిచేవాళ్లు. చివరి ఏడాది కూడా గుమ్మం దగ్గర నా కాళ్లు ఆగేవి. అందులో తప్పేం లేదు తల్లీ. మరణాన్ని కడపటి శత్రువు అన్నాడు బైబిల్లో పౌలు. శత్రువు ఎదురైతే ఒళ్లు జలదరించదూ? చకచకా లోపలికెళ్లి, బైబిలు తెరిచి, నాలుగు ముక్కలు చెప్పి వచ్చేసేవాళ్లని చూస్తేనే నాకు దిగులు.

నీకు మాట రాలేదని బాధపడుతున్నావు. నాకు మాట వచ్చి చేసిన తప్పు చెప్తాను, విను.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. కాలవ పక్కన ఊరు. నాలుగేళ్ల పిల్ల జ్వరంతో పోయింది. తల్లి ఆ పిల్లని ఒళ్లోంచి దించనివ్వడం లేదు. నేను పక్కన కూర్చుని, "దేవుడికి తన తోటలో మంచి పువ్వు కావాలనిపించి కోసుకున్నాడమ్మా" అన్నాను. ఎక్కడో ఎవరో అంటే విన్న మాట. ఆవిడ తలెత్తి నా మొహంలోకి చూసి, నెమ్మదిగా, "ఆయన తోటలో అన్ని పువ్వులుండగా నా ఇంట్లో ఉన్న ఒక్కటే కావలసొచ్చిందా అమ్మగారూ?" అంది. రెండేళ్లు ఆవిడ గుడి మెట్లెక్కలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి వెతికాను. నేనన్న మాట బైబిల్లో ఎక్కడా లేదు. పౌలు శత్రువన్న దాన్ని నేను పువ్వులు కోసే చెయ్యిగా చూపించి, ఆ చేతిని దేవుడికి తగిలించాను. ఆ తల్లి తిరగబడింది నా మాట మీదే. నేను మాత్రం ఆవిడ విశ్వాసం చల్లారిందని చాలాకాలం అనుకున్నాను.

కాబట్టి మొదటి గంటలో నోరు విప్పకు. వెళ్లి నేలమీద కూర్చో. కుర్చీ వేస్తారు, వద్దను. చెయ్యి పట్టుకోనిస్తే పట్టుకో.

బేతనియ ఊళ్లో లాజరు పోయినప్పుడు అతని అక్కచెల్లెళ్లు మార్త, మరియ ఇద్దరూ ప్రభువుతో ఒకే మాట అన్నారు, గమనించావా? "ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును." మార్త అన్నప్పుడు ఆయన జవాబిచ్చాడు, "పునరుత్థానమును జీవమును నేనే" అన్నాడు, చచ్చినవాళ్లు తిరిగి లేచేది నావల్లే అని. కాసేపటికి మరియ వచ్చి, పాదాల మీద పడి, అదే మాట అంటే ఆయన వాదించలేదు, బోధించలేదు. సమాధి ఎక్కడని అడిగి, కన్నీళ్లు విడిచాడు. ఇంకాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. నాలుగు రోజులైన శవం బయటికి రాబోతోందని తెలిసినవాడికే ఏడుపు తప్పలేదు. నీ ముందున్నది మార్తా, మరియా అని మొదట చూసుకో. ఒక్కోసారి ఒకే మనిషి పొద్దున మరియ, సాయంత్రం మార్త. ప్రశ్న అడిగేదాకా ఆగు. అడిగితే మాత్రం దాటెయ్యకు.

ఏడవొద్దని ఎవరినీ అనకు. "మనం విశ్వాసులం, ఏడవకూడదు" అని పెద్దలే గదమాయిస్తారు, పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిన ఉత్తరంలో ఉందంటారు. అక్కడున్నది "నిరీక్షణలేని యితరులవలె" దుఃఖపడొద్దని. మొత్తానికే దుఃఖపడొద్దని పౌలు ఎక్కడన్నాడు? ఆ సంఘంలోనూ అయినవాళ్లు పోయారు. ప్రభువు వచ్చేనాటికి వాళ్లు లేకుండా పోయారే, వాళ్ల గతేమిటని మిగిలినవాళ్లు కుమిలిపోతుంటే ఆ మాట రాశాడు. దుఃఖం ఉన్నచోటే ఆ ఉత్తరం చదివారు.

ఇక స్నానం సంగతి. దీన్ని నువ్వు నేర్చుకోవాలి. ఎవరికో డబ్బులిచ్చి చేయించే అలవాటు ఇప్పుడు పట్టణాల్లో వచ్చింది. సంఘంలో ఆడమనిషి పోతే మాత్రం నువ్వే వెళ్లు. నీళ్లు కాయించు. "ఆవిడకి చన్నీళ్లయితేనేం, వేణ్ణీళ్లయితేనేం" అని ఎవరో ఒకరు అంటారు. అన్నా కాయించు. చన్నీళ్లు కలిపి, మోచేయి తడిపి చూసి, పసిబిడ్డకి పోసినట్టు పొయ్యి. మగవాళ్లని బయటికి పంపి తలుపు దగ్గరకి వెయ్యి. ఒంటి మీద దుప్పటి పూర్తిగా తియ్యకు, ఒకవైపు కొంచెం కొంచెంగా తొలగించి కడిగి, మళ్లీ కప్పు. వరస పెట్టి పిలుస్తూ చెయ్యి. "అత్తా, ఇటు తిప్పుతున్నా" అను. చుట్టూ ఉన్న నలుగురు ఆడవాళ్లూ అది వింటారు, వాళ్ల చేతులు కూడా మెత్తబడతాయి. తల దువ్వే పని కూతురికివ్వు. ఒకసారి ఒక కూతురు తల్లితో ఆరేళ్లుగా మాటల్లేకుండా ఉండి, కబురంది వచ్చింది. ఏడవలేదు, మూలన నిలబడింది. నేను దువ్వెన చేతికిచ్చాను. చిక్కు తీస్తూ తీస్తూ, "అమ్మా, నొప్పెడుతోందా?" అంది. తర్వాత ఇక ఆగలేదు.

ఇదంతా మట్టిలో కలిసే ఒంటికి ఎందుకు అని నన్ను అడిగినవాళ్లున్నారు. ఈ ప్రశ్నలోనే మన నమ్మకమంతా ఉందమ్మా.

ఆ ఆదివారం తెల్లవారుజామున ప్రభువు సమాధి దగ్గరికి వెళ్లిన ఆడవాళ్లు పునరుత్థానం చూద్దామని వెళ్లలేదు. మనం చేసే పనికే వెళ్లారు. శుక్రవారం పొద్దుగూకితే విశ్రాంతి దినం వచ్చేస్తుందని హడావిడిగా పెట్టేసిన దేహానికి సుగంధద్రవ్యాలు పూయడానికి వెళ్లారు. దారిలో వాళ్ల చింత సమాధి మూసిన రాయి గురించి, "ఆ రాయి ఎవరు దొర్లిస్తారు" అని. శవానికి చివరి సేవ చేద్దామని నడిచివెళ్లిన ఆ చేతులకే మొట్టమొదట కబురు అందింది. వెళ్లి ఆయన శిష్యులైన అపొస్తలులకు చెప్తే వాళ్లకి వెర్రిమాటల్లా అనిపించాయట. ఆడవాళ్ల సాక్ష్యానికి విలువివ్వని రోజులవి. కథ కట్టేవాళ్లయితే ఆ సాక్షుల్ని పెట్టుకునేవాళ్లు కారు. పద్మమ్మో సుబ్బమ్మో వచ్చి చెప్తే ఊరి పంచాయితీ ఎంత నమ్ముతుందో ఆనాడూ అంతే.

పైగా లేచినవాడు ఆత్మగా కనిపించి మాయం కాలేదు. కాల్చిన చేప ముక్క తీసుకుని వాళ్ల ముందే తిన్నాడు. తిబెరియ సరస్సు ఒడ్డున నిప్పులు చేసి, రాత్రంతా వల వేసి అలిసినవాళ్లకి పొద్దున్నే తిండి పెట్టాడు. శిష్యుడు తోమాకి చూపించినప్పుడు చేతుల్లో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. ఆ గాయాలు నాకు చాలా ఇష్టం. ఈ ఒంటికి జరిగిందేదీ ఆయన దగ్గర చెరిగిపోదని వాటిని చూస్తే ధైర్యం.

మన చుట్టుపక్కల "ఆత్మకు శాంతి కలగాలి" అంటారు. ప్రేమతో అనే మాటే, ఎవరన్నా నొచ్చుకోకు. విశ్వాసి ఇప్పుడు ప్రభువు దగ్గర ఉన్నాడనీ మనం నమ్ముతాం, పక్క సిలువ మీద దొంగకి ప్రభువు "నేడు" నాతో ఉంటావనే చెప్పాడు కదా. కానీ అక్కడితో ఆపేస్తే సగమే చెప్పినట్టు. ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణంలో మనం నిలబడి నమ్ముతున్నామని చెప్పేది శరీర పునరుత్థానం. ఏథెన్సులో పౌలు మాట్లాడుతుంటే మృతుల పునరుత్థానం అనేసరికి కొందరు నవ్వారు. ఒంటిని వదిలించుకోవడమే మోక్షమని అనుకునే చోట అది వింతగానే ఉంటుంది.

ఎలా లేస్తారని అడిగితే పౌలు రైతు మాటే చెప్పాడు. మీ సంఘంలో అందరూ వరి పండించేవాళ్లే, నువ్వూ అదే చెప్పు. విత్తనం వడ్లు ఒక పగలూ రాత్రీ నానబెట్టి, గోనెసంచిలో మండె కడతారు కదా. విప్పి చూస్తే తెల్లటి మొలకలు. నారుమడిలో చల్లిన గింజకీ, దుబ్బు కట్టి కంకి వేసిన పైరుకీ పోలికే ఉండదు. అయినా సన్నాలు చల్లితే సన్నాలే వస్తాయి. అదే మనిషి, కానీ ఇక క్షయం లేని దేహం. ఒక్క జాగ్రత్త తీసుకో. గింజ దానంతటదే మొలుస్తుంది, చచ్చినవాళ్లు వాళ్లంతట వాళ్లే లేవరు. దానికి శరీరం ఇచ్చేది దేవుడే అని పౌలు అన్న మాట మింగెయ్యొద్దు.

2021 మే నెల, ఆ కరోనా రోజులు, నువ్వు మర్చిపోయి ఉండవు. ఒకావిడ భర్త ఆసుపత్రిలో పోయాడు. సంచిలో చుట్టి, అక్కడి నుంచి అటే తీసుకెళ్లి దహనం చేశారు. మొహం కూడా చూపించలేదు. స్నానం లేదు, పెట్టె లేదు, పాట లేదు. నాకు ఫోన్ చేసి ఆవిడ అడిగిన మొదటి మాట, "బూడిద కూడా లేదు పెద్దమ్మా, మరి ఆయన ఎలా లేస్తాడు?" అని. అప్పుడు మీ పెదనాన్నగారు ఎప్పుడో చెప్పిన సంగతి గుర్తొచ్చింది. క్రీ.శ. 177లో ఇప్పటి ఫ్రాన్సు దేశంలోని లియోన్ పట్టణంలో క్రైస్తవుల్ని హింసించి చంపారు. శవాల్ని ఆరు రోజులు బయట పడేసి, తర్వాత కాల్చి, బూడిదను రోన్ నదిలో కలిపేశారు. వీళ్లకి పునరుత్థానం మీద ఆశ కదా, ఇప్పుడెలా లేస్తారో చూద్దామని. అక్కడి సంఘాలవాళ్లు ఆ సంగతంతా ఆసియా మైనరులోని సహోదరులకు ఉత్తరం రాశారు, అందుకే మనకి తెలిసింది. ఆ బూడిద వాళ్ల విశ్వాసాన్ని కదిలించలేదు. మట్టితో మొదటి మనిషిని చేసినవాడికి నదిలో కలిసింది దొరకదా? ఇది చెప్తే ఆవిడ ఫోన్లో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ నది పేరేంటన్నారు?" అని అడిగింది. రెండుసార్లు చెప్పించుకుంది.

అయ్యగారికి నా మాటగా కొన్ని సంగతులు చెప్పు. సమాధి దగ్గర పది నిమిషాలు మించొద్దు, ఎండలో ముసలివాళ్లుంటారు. "రేపు నీ వంతు కావచ్చు" అని బెదిరించే ప్రసంగం ఆ గొయ్యి పక్కన వద్దు. పోయినవాళ్లు పరలోకంలో ఉన్నారా లేదా అని తీర్పు చెప్పే పనీ మనది కాదు. పురుగుమందు తాగి పోయినవాడి ఇంటికి వెళ్లినప్పుడు ఇది బాగా గుర్తుంచుకోవాలి. ఆ ఇంట్లోవాళ్లు అప్పటికే ఊరంతా వేసిన తీర్పు మోస్తుంటారు. తీర్పరి మేకుల గుర్తులున్నవాడని చెప్పండి, చాలు. పిడికెడు మన్ను వేసేటప్పుడు పిల్లల్ని వెనక్కి లాగొద్దు, వాళ్లనీ వెయ్యనివ్వండి.

బైబిల్లో యొప్పే అనే ఊళ్లో దొర్కా పోయినప్పుడు విధవరాండ్రు ఏం చేశారో చదివావుగా. ఏడుస్తూ, ఆవిడ కుట్టిచ్చిన అంగీలు పేతురుకి చూపించారు. పోయినవాళ్లని తలుచుకునే ఆదరణ కూడికలో అలా చూపించనివ్వు. అచ్చువేసిన కార్డు మీద ఫొటో, పుట్టిన తేదీ, నిద్రించిన తేదీ ఉంటాయి. దానికంటే ఆవిడ వేసిన పచ్చడి జాడీ ఒకటి బల్ల మీద పెడితే ఎక్కువ మాట్లాడతారు.

భర్త పోయినావిడ గాజులు పగలగొట్టడానికి ఎవరైనా ముందుకొస్తే అడ్డంగా నిలబడు. ఈ విషయంలో మెత్తగా ఉండకు. మన సంఘాల్లోనూ జరుగుతోంది, నా కళ్లతో చూశాను. మృతుల పునరుత్థానాన్ని నమ్ముతున్నామని ఆదివారం చెప్పి, బతికున్న మనిషిని సోమవారం మూలన కూర్చోబెడితే ఆ చెప్పినదానికి అర్థమేముంది? తర్వాత జరిగే మొదటి పెళ్లిలో ఆవిడని పెళ్లికూతురి పక్కన కూర్చోబెట్టు. ఎవరేమన్నా నువ్వూ పక్కనే కూర్చో.

నలభై రోజుల ప్రార్థన అయ్యాక చుట్టాలు వెళ్లిపోతారు. అసలు ఇల్లు అప్పుడు ఖాళీ అవుతుంది. గురువారం గురువారం వెళ్లు. ప్రార్థన చేస్తానని వెళ్లకు, కూర గిన్నె పట్టుకెళ్లు. పోయినవాళ్ల పేరు నీ నోటితో అను, ఇంట్లోవాళ్లు అనడానికి జంకుతుంటారు.

నీ సంఘంలో ఇప్పుడు ఈస్టర్ దగ్గరపడుతోంది. శనివారం మధ్యాహ్నానికే సమాధుల తోట శుభ్రం చేయించి సున్నం వేయించు. మనుషులు లేని, చుట్టాలు ఊరొదిలిపోయిన సమాధులకి కూడా వేయించు, వాటికే ముందు. తెల్లవారుజామున నాలుగింటికి పాటతో వెళ్లేటప్పుడు నీ సంచిలో పాతిక కొవ్వొత్తులు ఎక్కువ పెట్టుకో.

ఆ పువ్వు మాట అన్నానే, ఆ తల్లి. మూడో ఏడు ఈస్టర్‌కి అలాగే చీకట్లో నేను ఆ పిల్ల సమాధి దగ్గర కొవ్వొత్తి పెడుతుంటే వెనకనుంచి వచ్చింది. "నేను అన్న మాట తప్పమ్మా, నన్ను క్షమించు" అన్నాను. ఏమీ అనలేదు. కాలవ మీద గాలికి కొవ్వొత్తి రెండుసార్లు ఆరిపోయింది. ఆవిడ వంగి రెండు చేతులూ అడ్డం పెట్టింది, నేను అగ్గిపుల్ల గీశాను. గుడి దగ్గర పాట ముగిసేదాకా ఆవిడ ఆ చేతులు తియ్యలేదు.

అగ్గిపెట్టెలు రెండు పెట్టుకో. మంచుకి ఒకటి తడిసిపోతుంది.

ప్రేమతో,
నీ పెద్దమ్మ