ఆ ‘దేవుని బిడ్డ’ మీరేనని ఆయనకు చెప్పండి

*మాది గుంటూరు. మావారు పాస్టరు. ముప్ఫయ్యేళ్ళ కిందట రేకుల షెడ్డులో మొదలుపెట్టిన మందిరానికి మొన్ననే శ్లాబు వేశాం. పెద్దబ్బాయికి 29. కడుపులో ఉన్నప్పుడే మావారు వాణ్ణి సేవకు ప్రతిష్ఠించారు. డిగ్రీ తర్వాత బీడీ (పాస్టర్ల చదువు) చదివించాం. చదువు అవగానే మావారే చేతులుంచి అభిషేకించారు, మందిరం నీదేనన్నారు. వాడేమో మిలటరీలో పాద్రీగా వెళ్తానని, దానికి బిషప్ గారిచ్చిన ఆర్డినేషనే (పాద్రీగా నియమించడం) చెల్లుతుందని బెజవాడ వెళ్ళి పెద్ద సంఘంలో చేరాడు. అయిదు నెలల కిందట ఆర్డినేషన్ కూడా అయింది. మావారు వెళ్ళలేదు. అప్పట్నుంచి తండ్రీకొడుకులకు మాటల్లేవు. పాద్రీ తుపాకీ పట్టాలా? అక్కడ గుళ్ళోకి కూడా వెళ్ళాలంటున్నారు, విశ్వాసం నిలుస్తుందా? వాడికి మీరైనా నచ్చజెప్పండి.*
*— ఒక పాస్టరమ్మ*

అమ్మా,

మీరడిగినవి ముందు తేల్చేస్తాను, వాటికి ఎక్కువసేపు పట్టదు. తుపాకీ పట్టక్కర్లేదు. సైన్యంలో పండిట్, సిక్కుల గ్రంథి, మౌల్వీ ఎలాగో పాద్రీ అలాగే. మత బోధకుడిగా నాయబ్ సుబేదార్ (జూనియర్ కమిషన్డ్ అధికారి) హోదాలో తీసుకుంటారు. ఆదివారం ఆరాధన కాక, చనిపోయినవాళ్ళ అంత్యక్రియలకు వెళ్ళడం, ఆసుపత్రిలో ఉన్న జవాన్ల పక్కన ప్రార్థన చెయ్యడం, శిక్ష అనుభవిస్తున్నవాళ్ళను పలకరించి రావడం, పిల్లలకు బోధ చెప్పడం, ఇదీ పని. మీవారు పెద్దాసుపత్రి వార్డుల్లో ఇన్నేళ్ళుగా చేస్తున్నదే. యుద్ధంలో శత్రువుకు చిక్కినా పాద్రీని యుద్ధఖైదీగా లెక్కగట్టకూడదని 1949 జెనీవా ఒప్పందంలో ఉంది. పరుగు మాత్రం తప్పదు, 1.6 కిలోమీటర్లు ఎనిమిది నిమిషాల్లో. తెల్లవారుజామున వాడు గ్రౌండుకు పోతున్నాడని బాధపడుతూ రాశారు. పోనివ్వండి, ఆరోగ్యానికి మంచిదే.

గుడి సంగతి అంత తేలిక కాదు, అది అబ్బాయి కూర్చుని ఆలోచించుకోవాల్సిందే. చాలా యూనిట్లలో సర్వధర్మ స్థల్ అని ఉంటుంది, అన్ని మతాల ప్రార్థనలూ ఒకే కప్పు కింద. రెజిమెంటు గుడి గర్భాలయంలోకి అడుగు పెట్టనన్న ఒక క్రైస్తవ అధికారిని సైన్యం ఉద్యోగంలోంచి తీసేస్తే, 2025 నవంబరులో సుప్రీంకోర్టు కూడా అందులో జోక్యం చేసుకోనంది. ఆయన దళాన్ని నడిపించే అధికారి, మీవాడు వెళ్ళేది పాద్రీగా. రెండూ ఒకటి కాదు. అయినా పక్కవాడి పండుగలో తోడు నిలబడలేనివాడికి ఆ బతుకు కష్టం. వాడు నిలబడగలడో లేదో వాడికే తెలియాలి. మీకూ నాకూ కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఎనిమిది పేజీలు రాశారు. మూడో పేజీలో, అదీ బ్రాకెట్లలో పెట్టి, ఒక మాట రాశారు: ‘ఫీజుల సంగతి మావారికి ఇప్పటికీ తెలీదు’. నాలుగేళ్ళ బీడీకి ఫీజు కట్టింది మీరు. జాకెట్లు కుట్టి, చీటీ వేసి, రెండుసార్లు నష్టానికి పాడి కట్టారు. మీవారికేమో ‘ఎవరో దేవుని బిడ్డ పంపించారు’ అన్నారు. ఆయన నమ్మారు. నమ్మి ఊరుకోలేదు, ఆ పేరు తెలియని దేవుని బిడ్డ కోసం ఇన్నేళ్ళుగా మైకులో సాక్ష్యం చెబుతున్నారు. మీరు ముందు వరసలో కూర్చుని ఆమెన్ అంటున్నారు.

ఇది చదివి మొదట నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు.

ఎందుకు దాచారని నేనడగను, తెలుసు గనక. ఆడదాని కుట్టుమిషను డబ్బుతో కొడుకు చదివాడంటే ఆయన చిన్నబోతారని. మన ఇళ్ళలో ఇది కొత్తా? కానీ అమ్మా, అలా దాచి దాచి, ఇప్పుడు ఈ ఇంట్లో మీ అభిప్రాయమేమిటో కూడా ఎవరికీ తెలియకుండా పోయింది. ఆయన ‘ఆ బిషప్పునే తండ్రి అనుకోమను’ అంటే మీరు అబ్బాయికి ‘నాన్న ఆలోచిస్తున్నార్రా’ అని చెప్పారు. అబ్బాయి ‘నాన్నకి నేను కావాలా, మందిరానికి వారసుడు కావాలా’ అంటే మీరు ఆయనకు ‘వాడు మిమ్మల్నే తలుచుకుంటున్నాడు’ అని చెప్పారు. మాటకు పంచదార పూసి అటూ ఇటూ మోస్తున్నారు. వాళ్ళిద్దరూ పోట్లాడుకోవడం లేదు, మీరు తయారుచేసిన మాటలతో పోట్లాడుతున్నారు. ఇంతకీ అబ్బాయి వెళ్ళాలనుందా మీకు, వద్దనుందా? ఎనిమిది పేజీల్లో అది ఎక్కడా లేదు.

మీవారి మీద నాకు కోపం లేదు. సొంత కొడుకు తల మీద తన చేతులుంచి అభిషేకించిన మనిషికి, ఆ చేతులు సర్కారు కాగితంలో చెల్లవని తెలిస్తే ఎలా ఉంటుంది? సైన్యం అడిగేది అధికారమున్న సంఘం ఇచ్చిన ఆర్డినేషను, స్థానిక బిషప్పు ఆమోదించిన జాబితాలో పేరు. రూలు రాసినవాళ్ళకు మీ మందిరం సంగతి ఏం తెలుసు? మిర్చియార్డు నుంచి తొడిమల ఘాటుతో మండే చేతులతోనే వచ్చి ప్రార్థనకు కూర్చునే ఆడవాళ్ళ సంగతి ఏం తెలుసు? ఆయన ‘జీతానికి అమ్ముడుపోయాడు’ అంటున్నది పైమాట. లోపలి మాట ‘నా చేతులు పనికిరాలేదా’ అని. అది ఆయన చేత అనిపించగలిగింది మీరొక్కరే. కొడుకు కాదు, నేనసలే కాదు.

మొక్కుబడి మాట ఎత్తుతున్నారు గనక అదీ చెబుతాను. నేను మీ మతస్థురాలిని కాను. కానీ బెజవాడలో మా ఇంటి వెనకే మందిరం, మైకు పుణ్యమా అని బైబిల్లో సమూయేలు తల్లి హన్నా కథ నాకు సగం కంఠతా వచ్చు. ఆ కథలో మొక్కుకుంది తల్లి. ‘నీకేది మంచిదనిపిస్తే అది చెయ్యి’ అన్నవాడు భర్త ఎల్కానా. పిల్లవాణ్ణి పాలు మాన్పించి ఇచ్చింది షిలోహు మందిరానికి, సొంత పెరట్లో కట్టుకున్న మందిరానికి కాదు. ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకువెళ్ళి ఇచ్చి వచ్చేది. ఇచ్చినదాన్ని ఇంట్లోనే పెట్టుకుని ఇచ్చాననుకోవడం ఆ కథలో ఎక్కడుందో మీవారినే అడగండి. నాకంటే ఆయనకే బాగా తెలుసు. అంతెందుకు, 1842లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ తనవాళ్ళ దగ్గరే ఉండిపోయుంటే గుంటూరు కథ వేరేగా ఉండేది.

అబ్బాయికి నచ్చజెప్పమన్నారు. చెప్పను. వాడు పెళ్ళీడు దాటుతున్న మగవాడు, వాడి పని వాడు చేసుకున్నాడు. వాడిది ఒకటే తప్పు. తండ్రి దగ్గరకు ఆర్డినేషన్ కార్డు మీ చేత పంపించాడు. బెజవాడ నుంచి గుంటూరు గంట ప్రయాణం, బస్సెక్కి వచ్చి ఆయన చేతికే ఇవ్వలేకపోయాడా? ఆ కార్డు మీరు తీసుకోకుండా ఉండాల్సింది. ఇకనుంచి ఏదీ తీసుకోకండి, కబురూ కాగితమూ కూడా. ‘మీ నాన్నకి నువ్వే చెప్పుకో’, ‘మీ కొడుక్కి మీరే చెప్పండి’, ఈ రెండు మాటలు చాలు. వారం రోజులు ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటుంది. ఉండనివ్వండి.

ఇక చీటీ సంగతి. ఆదివారం కాదు, ఆరోజు ఆయనకు తీరదు. సోమవారం మధ్యాహ్నం అన్నం తిన్నాక, మిషను దగ్గర కూర్చోబెట్టి చెప్పండి. చీటీల పుస్తకం దాచే ఉంచి ఉంటారు, మీలాంటి వాళ్ళు పారెయ్యరు. అది ఆయన చేతిలో పెట్టండి. ఏడవకండి, ఫీజు కట్టినందుకు క్షమాపణ అడగకండి. అబద్ధం ఆడినందుకు ఒక్క మాట అనండి, అంతకు మించి వద్దు. ఆ తర్వాత అబ్బాయి విషయంలో మీకేమనిపిస్తోందో అదే నోటితో చెప్పండి. వెళ్ళనిద్దామనైనా సరే, నా వల్ల కాదనైనా సరే. ఆయన లేచి బయటికి వెళ్ళిపోవచ్చు. రాత్రికి తిరిగొస్తారు, మందిరం తాళం ఇంట్లోనే ఉంటుందిగా.

చెప్పడానికి ధైర్యం చాలక ఆ సోమవారం దాటిపోతే, కనీసం ఒక పని చెయ్యండి. వచ్చే ఆదివారం ఆయన మైకు పట్టుకుని ఆ పేరు తెలియని దేవుని బిడ్డ కోసం స్తోత్రం అన్నప్పుడు, మీరు మాత్రం ఆమెన్ అనకండి.