ఉపయోగితావాదం అంటే ఏమిటి?

ఒక పని మంచిదా చెడ్డదా అన్నది, చేసినవారి ఉద్దేశాన్ని బట్టి కాక, దానివల్ల అందరికీ కలిగే సుఖదుఃఖాల మొత్తాన్ని బట్టి తేల్చాలన్నదే ఉపయోగితావాదం. 1789లో ప్రచురించిన గ్రంథంలో ఆంగ్ల తత్వవేత్త జెరెమీ బెంథామ్ సుఖాన్ని తీవ్రత, వ్యవధి వంటి ఏడు కొలమానాలతో తూచవచ్చన్నాడు. ఆయన తర్వాతి తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ మాత్రం సుఖాల్లో గుణభేదం కూడా ఉందని, అంటే కొన్ని సుఖాలు మరికొన్నిటికన్నా ఉన్నతమైనవని అన్నాడు. ఈ లెక్కలో రాజుకైనా కూలీకైనా ఒకటే తూకం, నాకు ఇంపైన భాగం ఇదే. ఒక రోగి బతకడానికి మొత్తం కావలసిన మందును, తలా కొంచెం చాలే మరో ఐదుగురికి పంచితే ఆ ఐదుగురూ బతుకుతారనుకుంటే, పంచమనే ఈ వాదం చెబుతుంది, అది సబబుగానే తోస్తుంది. కానీ అవయవాలు పాడైన ఐదుగురి కోసం ఒక ఆరోగ్యవంతుణ్ణి చంపి అవయవాలు తీసుకోవచ్చా అని అడిగితే మనసు ఒప్పదు. అందుకే కొందరు ఒక్కో పనిని విడిగా కాక, అందరూ పాటిస్తే మేలు కలిగించే నియమాన్ని తూచాలంటారు.