ఆకుల కెమిస్ట్రీ ఎందుకని అడిగిన తండ్రికి

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాము. బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి, మొక్కల ఆల్కలాయిడ్ల మీద పీహెచ్‌డీ దాకా చదువుతానంటోంది. ఆకుల కెమిస్ట్రీ చదివి మూలికల దుకాణం పెట్టుకుంటుందా? డేటా సైన్స్‌తో పోల్చి చెప్పండి. ఆమె నోట్సులో ఒక పేజీ ఫొటో పంపుతున్నాను.

జవాబు: కోర్సుల పేర్లు మారుతుంటాయి గానీ, పిల్ల రేపు తన కాళ్ళ మీద తాను నిలబడుతుందా అన్న భయమే ప్రతి ఉత్తరంలోనూ ఉంటుంది. మీరు పంపిన పేజీని మీరు చదివినట్టు లేదు. ఆల్కలాయిడ్లంటే మొక్కలు తయారు చేసుకునే, నైట్రోజన్ ఉన్న రసాయనాలు. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి ట్రిప్టమైన్, అది సెకోలోగానిన్‌తో కలిస్తే స్ట్రిక్టోసిడిన్ అని వరుసగా గీసి, నైట్రోజన్ ఉన్నచోటల్లా దానిని ఎర్ర పెన్సిలుతో చుట్టింది. కింద, నికోటిన్‌లో ఒక వలయానికి ఆర్నిథిన్, మిరియాల పైపరిన్ వలయానికి లైసిన్ అనే అమైనో ఆమ్లాలు మూలమని రాసి, కెఫీన్ దగ్గర ప్రశ్నార్థకం పెట్టింది. కెఫీన్ వలయం అలా నేరుగా అమైనో ఆమ్లం నుంచి కాక, డీఎన్ఏలోనూ ఉండే ప్యూరిన్ల దారిలో తయారవుతుంది కనుక దానిని అసలైన ఆల్కలాయిడ్లలో చేర్చనివారూ ఉన్నారు. ఆ చిక్కు ఆమె కంటపడింది. బట్టీ పట్టే పిల్లకు ఇది తట్టదు.

మీరు మూలికల దుకాణమని తీసిపారేసిన విద్య సంగతి వినండి. కుండీల్లో పెంచుకునే బిళ్ళగన్నేరు, ఆ స్ట్రిక్టోసిడిన్ నుంచే విండోలిన్‌నూ కాతరాంథిన్‌నూ తయారు చేసుకుంటుంది. అవి రెండూ జతపడితే క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్ వస్తుంది. ఒక్క గ్రాము కోసం సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. అందుకే 2022లో శాస్త్రజ్ఞులు ఈస్టు చేత ఆ రెండింటినీ తయారు చేయించి, చివరి జత మాత్రం రసాయనికంగా కలిపారు. ఆకు లోపలి దారి ముందే తెలిసి ఉండబట్టే అది సాధ్యమైంది.

డేటా సైన్స్ మీద నాకు ద్వేషం లేదు, ఏడాది సర్టిఫికెట్ల మీదే అనుమానం. లక్షలు కట్టాక, తమకు గణాంకశాస్త్రం గిట్టదని తెలుసుకుని నా దగ్గరకు తిరిగివచ్చిన పిల్లలను చాలామందిని చూశాను. వారిలో ఎక్కువమంది పక్కింటి అబ్బాయి జీతం విన్న తండ్రుల పిల్లలే. కెమిస్ట్రీ వచ్చినవారు పైథాన్‌ను సాయంత్రాల్లో నేర్చుకోగలరు, పైథాన్ వచ్చినవారు ఆ ఎర్ర పెన్సిలు పని అంత తేలిగ్గా నేర్చుకోలేరు.

పోల్చమన్నారు కనుక ఒక్క మాట: ఎమ్మెస్సీతో ఆగితే మొదటి ఉద్యోగం నాణ్యతా పరీక్షల ల్యాబులో, చిన్న జీతంతో మొదలు కావచ్చు, పీహెచ్‌డీకి అయిదారేళ్ళు పడుతుంది, ఫెలోషిప్ వస్తే మీ జేబుకు భారం ఉండదు. మీ బెంగళూరులోనే, జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణం దగ్గర, జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్, ఔషధ, సుగంధ మొక్కల సంస్థ సీమ్యాప్ వారి పరిశోధన కేంద్రం ఉన్నాయి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఆమె అక్కడి ఆచార్యులకు ఇప్పుడే ఉత్తరం రాయవచ్చు. ఆ ఉత్తరం రాయించే ముందు, కెఫీన్ దగ్గర ప్రశ్నార్థకం ఎందుకు పెట్టావమ్మా అని మీరే అడగండి.