కుడి గుండె మీద కన్నేసి ఉంచు

అమ్మలూ,

మావయ్య ఆశీస్సులు. వైరల్ జ్వరంతో చేరినాయన ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలతో నీ కళ్లెదుటే పోయారని రాశావు. "ఇంకేం చేసి ఉండాల్సింది మావయ్యా?" అని అడిగావు. ఆ కేసు కాగితాలు నేను చూడలేదు కాబట్టి ఆయన గురించి తీర్పు చెప్పను. నాకు తెలిసింది మాత్రం దాచుకోకుండా చెబుతాను.

2021 మే నెల, కోవిడ్ రెండో ఉద్ధృతి. మా వార్డులో నలభై ఆరేళ్ల బస్సు కండక్టర్ ఒకాయన ఉండేవారు. తొమ్మిదో రోజుకు జ్వరం పోయింది, నిమిషానికి రెండు లీటర్ల ఆక్సిజన్‌ ఇస్తుంటే రక్తంలో దాని స్థాయి 94 శాతం ఉంది, ఇంటికి పంపిద్దామనుకున్నాం. తెల్లవారుజామున బాత్రూముకని లేచి నాలుగడుగులు వేసి కూలబడ్డారు. నేను వెళ్లేసరికి చొక్కా చెమటతో ముద్దయిపోయింది. బీపీ 80, నాడి 130. మెడ నరాలు తాళ్లలా ఉబ్బి ఉన్నాయి. బీపీ పడిపోయింది కదా అని నేను సెలైన్ జోరుగా ఎక్కించాను. సీసా సగమయ్యేసరికి ఆయన ఇంకా దిగజారారు. తప్పు నాది. ఆ మెడ నరాలు నాకు అప్పటికే సంగతి చెబుతున్నాయి, నేనే వినలేదు.

ఊపిరితిత్తుల ధమనిలో పెద్ద గడ్డ అడ్డుపడితే కుడి జఠరిక, అంటే గుండె కుడివైపు కింది గది, రక్తాన్ని ముందుకు నెట్టలేక ఉబ్బిపోతుంది. ఉబ్బి, మధ్యగోడను ఎడమవైపుకు తోస్తుంది. ఎడమ జఠరిక నిండదు, బీపీ పడుతుంది. అప్పుడు సెలైన్ పోస్తే ఆ ఉబ్బును ఇంకా పెంచినట్లే. మెడ నరాలు ఉబ్బి లేకపోతే 250 మిల్లీలీటర్లు ఇచ్చి చూడవచ్చు, అంతకు మించి వద్దు. బీపీని నిలబెట్టే నోర్‌అడ్రినలిన్ త్వరగా మొదలుపెట్టు. ఆయాసం చూసి వెంటిలేటర్ కోసం శ్వాసనాళంలో గొట్టం వేయడానికి తొందరపడకు. మత్తుమందు బీపీని దించుతుంది, వెంటిలేటర్ ఒత్తిడి కుడి గుండెను మరింత నొక్కుతుంది. గొట్టం వేస్తుండగానే గుండె ఆగిపోయినవాళ్లను నేను చూశాను.

ఆ రోజు మంచం పక్కనే ఎకో (గుండె అల్ట్రాసౌండ్) పెట్టి చూస్తే కుడి జఠరిక ఎడమదానికంటే పెద్దదిగా ఉంది. స్కానింగ్ గది కింది అంతస్తులో ఉంది, అంత దూరం తీసుకెళ్తే ఆయన దక్కేవారు కాదు. గడ్డ కరిగించే మందు ఇవ్వాలని నిర్ణయించుకున్నాం. మెదడులో రక్తస్రావం జరిగే ప్రమాదం ఉందని, ఇవ్వకపోతే గంటలోనే పోవచ్చని ఆయన భార్యకు ఫోనులో చెప్పాను. "మీ తమ్ముడైతే ఇస్తారా డాక్టర్ గారూ?" అని ఆమె అడిగారు. ఇస్తానన్నాను. బరువు 72 కిలోలు, టెనెక్టెప్లేస్ 40 మిల్లీగ్రాములు ఒకేసారి. బాగా తెల్లవారేసరికి బీపీ 110కి వచ్చింది. ఆ ప్రశ్న ఈనాటికీ నాతో ఉంది. కరిగించే మందు ఇచ్చే ముందు నువ్వు కూడా అదే ప్రశ్న వేసుకో. ఎప్పుడైనా మెదడులో రక్తస్రావం జరిగిందా, ఈ మధ్య పక్షవాతం వచ్చిందా, ఆపరేషన్ జరిగిందా, ఎక్కడైనా రక్తం కారుతోందా అన్నవి స్వయంగా అడిగి తెలుసుకో.

బీపీ నిలకడగా ఉండి కుడి గుండె మాత్రం ఉబ్బితే? ఇక్కడే కుర్ర డాక్టర్లకు చేతులు దురద పెడతాయి. ఆగు. 2014లో వెలువడిన పెయితో అనే వైద్య పరిశోధనలో ఇలాంటి రోగులకే టెనెక్టెప్లేస్ ఇచ్చి చూశారు. బీపీ కుప్పకూలడం తగ్గింది కానీ, నూటికి ఇద్దరికి మెదడులో రక్తస్రావమైంది. అందుకే వీళ్లకు రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ పూర్తి మోతాదులో ఇచ్చి, ఐసీయూలో కళ్లముందు ఉంచుకుని, జారుతున్నారనిపిస్తేనే కరిగించే మందు ఇవ్వు. హెపారిన్‌లోనే ఒక రకమైన ఎనోక్సపారిన్ అయితే కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున పన్నెండు గంటలకోసారి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లకు మామూలు హెపారిన్ డ్రిప్పే మేలు. అయిదో రోజు నుంచి ప్లేట్‌లెట్లు సగానికి పడిపోతే హెపారిన్‌నే అనుమానించి వెంటనే ఆపి, వేరే జాతి మందుకు మార్చు. డెంగీలో ప్లేట్‌లెట్లు ముందే పడిపోయి ఉంటాయి కాబట్టి ఈ లెక్కలేవీ కళ్లు మూసుకుని అక్కడ వాడకు.

అసలు అనుమానం రావడమే సగం వైద్యం. ఎక్స్‌రే మెరుగవుతుంటే ఆక్సిజన్ ఎందుకు పడుతోంది? ఆ రెండూ పొసగని చోట గడ్డ కోసం వెతుకు. దుప్పటి తీసి రెండు పిక్కలూ పక్కపక్కన పెట్టి చూడు. ఒకటి లావుగా, నొక్కితే నొప్పిగా ఉందేమో. గడ్డ కరుగుతుంటే రక్తంలో పెరిగే డి-డైమర్ అంకెను చూసి బెంబేలెత్తకు. కోవిడ్‌లో అది గడ్డ లేనివాళ్లలోనూ పెరుగుతుంది. రోగి నిలకడగా ఉంటే ఊపిరితిత్తుల రక్తనాళాలను చూపే సీటీ యాంజియో చేయించు, కూలుతుంటే ఎకో చాలు.

ఇంకొక మాట. 2020లో గడ్డ కనిపించకపోయినా భయంతో అందరికీ పూర్తి మోతాదు హెపారిన్ ఇచ్చినవాళ్లున్నారు. ఆ మరుసటి ఏడు వచ్చిన పెద్ద పరీక్షల్లో, ఐసీయూ దాకా రాని కోవిడ్ రోగులకు అది మేలు చేసిందనీ, విషమించి ఐసీయూలో ఉన్నవాళ్లకు చేయలేదనీ తేలింది. గడ్డ రుజువైతే మాత్రం ఎక్కడున్నా పూర్తి మోతాదే.

ఇంటికి పంపేటప్పుడు రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్రను కనీసం మూడు నెలలు ఆపకూడదని రోగికీ ఇంట్లోవాళ్లకూ చెప్పు. రిటోనావిర్ ఉన్న కోవిడ్ మందులు వాడుతుంటే రివరోక్సాబాన్, అపిక్సాబాన్ అనే ఆ మాత్రలు రక్తంలో పెరిగిపోతాయి, చీటీ రాసే ముందు చూసుకో. మూడు నెలల తర్వాత కూడా మెట్లెక్కితే ఆయాసపడుతుంటే వదిలేయక మళ్లీ ఎకో, ఊపిరితిత్తుల్లోకి గాలీ రక్తమూ సరిగా చేరుతున్నాయో చూపే వెంటిలేషన్ పెర్ఫ్యూజన్ స్కాన్ చేయించు.

రేపు డ్యూటీకి వెళ్లగానే మీ ఐసీయూ అలమరలో టెనెక్టెప్లేస్ ఉందో లేదో, గడువు ఎప్పటిదాకా ఉందో చూడు. లేకపోతే సూపరింటెండెంట్ గారికి రాతపూర్వకంగా అడిగి తెప్పించు. రాత్రి రెండు గంటలకు చీటీ ఇచ్చి బంధువులను మందుల షాపుకు పరుగెత్తించే పరిస్థితి రానీయకు. ఏ వేళైనా సరే, అనుమానమొస్తే ఎకో వీడియో నాకు పంపు. ఫోను తలగడ పక్కనే పెట్టుకుని పడుకుంటున్నాను.

ప్రేమతో,
మావయ్య