హైబ్రిడ్ కారుకు మైలేజీ రావడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మేము హనుమకొండలో నక్కలగుట్ట దగ్గర ఉంటాం. 2025 ఫిబ్రవరిలో ఒక స్ట్రాంగ్ హైబ్రిడ్ కారు (పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారుతోనూ నడిచేది) కొన్నాం. అదే కారు పెట్రోలు మోడల్ కంటే దాదాపు 3 లక్షల రూపాయలు ఎక్కువ పడింది. లీటరుకు 28 కిలోమీటర్ల దాకా వస్తుందని విని కొంటే, మాకు 18 దాటడం లేదు. పెట్రోలు మోడల్ ఉన్న మా సహోద్యోగికి 13 వస్తోంది. రోజూ పిల్లల బడి, కాజీపేటలో మా ఆవిడ ఆఫీసు, వారం వారం హుజూరాబాద్‌లో అమ్మానాన్నల దగ్గరికి, నెలకొకసారి హైదరాబాద్, అన్నీ కలిపి నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాం. కారు రుణం ఇంకా 7 లక్షలు ఉంది. వడ్డీ 9.25 శాతం, గడువు మరో నాలుగేళ్లు. కారు అమ్మేయమని మా బావ అంటున్నాడు. 2,500 రూపాయలు పెట్టి పెట్రోలు ఆదా చేసే పరికరం బిగించుకోమని ఒక మిత్రుడు చెబుతున్నాడు. మైలేజీ పెరిగితే మిగిలే డబ్బుతో సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టుబడి) మొదలుపెట్టాలని నా ఆలోచన. మీ సలహా ఏమిటి?

సమాధానం: ముందుగా మీ బావగారి మాట చూద్దాం. అదనంగా పెట్టిన 3 లక్షలు కారు కొన్న రోజే ఖర్చయిపోయాయి కాబట్టి, ఇప్పుడు అమ్మినా ఆ డబ్బు తిరిగి రాదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి కార్లపై జీఎస్టీ తగ్గి కొత్త బండ్ల ధరలే దిగివచ్చాక, అంతకుముందు కొన్న మీ కారుకు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో మీరు ఆశించే ధర పలకడం కష్టం. ఉన్న కారును ఎక్కువ కాలం ఉంచుకుని, దాని చేత తక్కువ పెట్రోలు తాగించడమే మీకు మిగిలిన లాభసాటి మార్గం. ఈ తరగతి కార్లు అమ్మే టొయోటా, మారుతీ సంస్థలు హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. మీ వాడకంలో కిలోమీటర్ల కంటే ఏళ్లే ముందు పూర్తవుతాయి.

మైలేజీని లీటరుకు ఇన్ని కిలోమీటర్లని కాకుండా, ఏడాదికి ఎన్ని లీటర్లని లెక్కవేసుకోండి. మీరు ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగుతారు. మీ సహోద్యోగి లెక్కన 13 వస్తే 923 లీటర్లు, మీకు వస్తున్న 18కి 667 లీటర్లు, 22 వస్తే 545 లీటర్లు, 26 వస్తే 462 లీటర్లు ఖర్చవుతాయి. లీటరు 107 రూపాయలనుకుంటే, 18 నుంచి 22కి చేరినప్పుడు ఏడాదికి దాదాపు 13,000 రూపాయలు మిగులుతాయి. ఆపైన మరో నాలుగు కిలోమీటర్లు పెంచడానికి ఎంత కష్టపడినా అదనంగా మిగిలేది 9,000 మాత్రమే. 28 కోసం తపన పడనవసరం లేదని చెప్పడానికే ఈ లెక్కంతా. మారుతీ గ్రాండ్ విటారా, టొయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకు ప్రకటించిన 27.97 అనే సంఖ్య ప్రయోగశాలలో, నిర్ణీత పద్ధతిలో నడిపి తీసినది. మే నెల ఎండలో ఏసీ వేసుకుని చౌరస్తా దాటే వాళ్లకు అది వర్తించదు. మీరు 22ను లక్ష్యంగా పెట్టుకోండి. ఇప్పటి మైలేజీతో మీ 3 లక్షలు తిరిగి రావడానికి 11 ఏళ్లు పడుతుంది. 22 వస్తే అది ఏడున్నర ఏళ్లకు తగ్గుతుంది. ఇందులో ఆ 3 లక్షల మీద వడ్డీని కలపలేదు, కలిపితే ఇంకా ఎక్కువ ఏళ్లు పడుతుంది.

అయితే ఆ 18 నిజమైన సంఖ్యేనా అన్నది ముందు తేల్చుకోవాలి. డ్యాష్‌బోర్డు చూపించే సంఖ్య చాలా కార్లలో కొంత ఎక్కువగానే ఉంటుంది. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర ట్యాంకు నింపించండి. గన్ తనంతట తాను ఆగగానే చాలనండి. బంకు కుర్రాడు “రౌండ్ ఫిగర్ చేయమంటారా సార్” అని అడిగి మరో రెండు నొక్కులు నొక్కితే ఆ విడత లెక్క పాడైనట్టే. ట్రిప్ మీటరును సున్నా చేసి, మళ్లీ అదే విధంగా నింపినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన దూరాన్ని భాగించండి. ఇలా వరుసగా మూడుసార్లు తీసిన సగటునే నమ్మండి.

ఇక పెట్రోలు ఎక్కడ పోతోందో చూద్దాం. ఊళ్లో నెమ్మదిగా, ఆగుతూ సాగుతూ నడిచినప్పుడే హైబ్రిడ్‌కు లాభం ఎక్కువ అన్న మాట నిజమే. కానీ మీ ఊరి ప్రయాణాలు మరీ చిన్నవి. ఉదయం కారు కదిలించగానే, బ్యాటరీలో ఛార్జ్ ఉన్నా ఇంజిన్ ఆన్ కావడం మీరు గమనించే ఉంటారు. చల్లగా ఉన్న ఇంజిన్, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పనిచేసే వేడికి చేరేవరకు కారు దాన్ని ఆపదు. రెండు కిలోమీటర్ల దూరంలోని బడికి వెళ్లి వచ్చేసరికి ఆ వేడెక్కే పని సగం అయి ఉంటుంది. కారు గంటసేపు ఇంటి ముందు చల్లబడుతుంది, మళ్లీ ఆఫీసుకు బయలుదేరినప్పుడు ఆ ఖర్చులో కొంత తిరిగి పెట్టాలి. పిల్లలను బడిలో దింపి, ఇంటికి రాకుండా అటునుంచి అటే కాజీపేట వెళ్లేలా సమయాలు కుదుర్చుకోండి. కూరగాయలు, మందులు, బ్యాంకు పనులను సాయంత్రం తిరుగు ప్రయాణంలోనే ముగించండి. ఇంటి నుంచి కిలోమీటరు లోపు పనికి స్కూటరు తీయండి. ఈ ఒక్క మార్పుతో వచ్చే ఆదా, మిగతా చిట్కాలన్నీ కలిపినా రాదని నా అంచనా.

రెండో చిల్లు బడి గేటు దగ్గర ఉంది. ఏప్రిల్‌లో పిల్లలు బయటికి వచ్చేవరకు ఏసీ వేసుకుని కారులోనే కూర్చునే తల్లిదండ్రులు వరంగల్‌లో ఏ బడి ముందు చూసినా వరుసగా కనబడతారు. హైబ్రిడ్‌లో ఏసీ కంప్రెసర్ బ్యాటరీ మీదే నడుస్తుంది కాబట్టి పెట్రోలు ఖర్చు లేదని చాలామంది అనుకుంటారు. ఈ తరగతి కార్లలో హైబ్రిడ్ బ్యాటరీ సామర్థ్యం 0.76 కిలోవాట్ అవర్ (దాదాపు ముప్పావు యూనిట్ కరెంటు) మాత్రమే, అందులోనూ కొంత భాగాన్నే కారు వాడుకోనిస్తుంది. 43 డిగ్రీల ఎండలో ఏసీ దాన్ని కొద్ది నిమిషాల్లోనే తాగేస్తుంది, వెంటనే ఛార్జ్ చేయడానికి ఇంజిన్ లేస్తుంది. కారు అంగుళం కదలదు, పెట్రోలు మాత్రం కాలుతూనే ఉంటుంది. నీడ చూసి నిలిపి, ఏసీ ఆపి, దిగి నిలబడండి. కదిలే ముందు నిమిషం పాటు అద్దాలు దించి వేడిగాలిని పోనిచ్చి, ఆ తర్వాత ఏసీని 24, 25 డిగ్రీల దగ్గర, లోపలి గాలినే తిప్పే అమరికలో పెట్టుకుంటే సరిపోతుంది.

నడిపే తీరు గురించి రెండు మాటలు చెబుతాను. ఫాతిమానగర్ వంతెన దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీది నుంచి ముందుగానే కాలు తీసేయండి, మీటరులో ముల్లు ఛార్జ్ వైపు వాలుతుంది. కింద ట్రాఫిక్ ఆగి ఉంటే దూరం నుంచే మెల్లగా, ఎక్కువసేపు బ్రేకు నొక్కండి. చివరి క్షణంలో గట్టిగా నొక్కితే, బ్యాటరీలోకి వెళ్లాల్సిన శక్తి బ్రేకు ప్యాడ్లలో వేడిగా పోతుంది. సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెట్టే పాత అలవాటును మానుకోండి, టొయోటా తరహా హైబ్రిడ్‌లలో న్యూట్రల్‌లో ఉన్నంతసేపు బ్యాటరీ ఛార్జ్ కాదు. డ్రైవ్‌లోనే ఉంచి బ్రేకు మీద కాలు పెట్టండి.

హైదరాబాద్ రహదారి మీద హైబ్రిడ్ గొప్పతనం చాలావరకు తగ్గిపోతుంది, ఎందుకంటే అక్కడ బ్రేకు పడే సందర్భాలే తక్కువ. గాలి నిరోధం వేగం వర్గానికి (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చే సంఖ్యకు) తగ్గట్టు పెరుగుతుంది కాబట్టి, గంటకు 90 కిలోమీటర్లతో పోలిస్తే 110 దగ్గర అది దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఖాళీ రోడ్డు మీద ప్రతి 100 కిలోమీటర్లకు 90లో వెళ్లడం వల్ల మీకు ఆలస్యమయ్యేది 12 నిమిషాలే. మేడారం జాతరకని పైన క్యారియర్ బిగించి, తర్వాత తీయకుండా వదిలేసిన కార్లు మన దగ్గర చాలా ఉన్నాయి. మీదీ వాటిలో ఒకటైతే ఈ ఆదివారమే తీయించండి, హైవే వేగంలో దాని వల్ల పది శాతానికి పైగా నష్టం ఉండవచ్చు. హుజూరాబాద్ నుంచి అమ్మగారు పంపే బియ్యం బస్తాల గురించి మాత్రం దిగులు వద్దు. 45 కిలోల బరువుకు తగ్గే మైలేజీ దాదాపు ఒక శాతం, బియ్యం ధర అంతకంటే ఎంతో ఎక్కువ.

టైర్లలో గాలిని పదిహేను రోజులకొకసారి, ఉదయం బండి నడపకముందే చూపించి, డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉన్నంత పెట్టించండి. నాలుగు టైర్ల సగటు ఒక పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) తగ్గితే దాదాపు 0.2 శాతం ఇంధనం ఎక్కువ పడుతుంది. ఆరు తగ్గితే మీ వాడకంలో ఏడాదికి 850 రూపాయలు పోతాయి. ఎక్కువ ధర ఉన్న ప్రీమియం పెట్రోలును మాన్యువల్ అడగనప్పుడు పోయించడం వృథా. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడోవంతు తక్కువ కాబట్టి, 20 శాతం ఇథనాల్ కలిసిన ఇంధనంతో కొద్దిపాటి తగ్గుదల తప్పదు, దానికి మీరు చేయగలిగిందేమీ లేదు. మీ మిత్రుడు చెప్పిన పరికరాన్ని కొనవద్దు. హైబ్రిడ్ వైరింగ్ జోలికి వెళ్లే ఏ బిగింపు అయినా బ్యాటరీ వారంటీకి చిక్కు తెస్తుంది. 2,500 రూపాయల కోసం అంత ఖరీదైన బ్యాటరీని పణంగా పెట్టడం తెలివైన పని కాదు.

ఇక సిప్ సంగతికి వద్దాం. మీరు 22కు చేరితే నెలకు మిగిలేది 1,100 రూపాయలకు కాస్త అటూ ఇటూ. ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా అత్యవసర నిధి, మీ పేరు మీద టర్మ్ బీమా లేకపోతే ముందు వాటి సంగతి చూడండి. అవి ఉన్నాయనుకుంటే, నేను ఈ డబ్బును కారు రుణానికే కట్టమంటాను. మ్యూచువల్ ఫండ్ ఎంత ఇస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. రుణానికి ముందుగా కట్టే ప్రతి రూపాయి మీద 9.25 శాతం వడ్డీ తప్పడం మాత్రం ఖాయం, పైగా దాని మీద పన్ను లేదు. మీ నెలవారీ వాయిదా సుమారు 17,500 రూపాయలు ఉండాలి. దానికి నెలనెలా 1,100 కలిపితే రుణం మూడు నెలలకు పైగా ముందే తీరి, వడ్డీలో దాదాపు 10,000 రూపాయలు మిగులుతాయి. సిప్ మీద మనసుంటే, రుణం తీరిన నెల నుంచి ఆ 17,500లో సగంతో మొదలుపెట్టండి. అది 1,100తో చేసే సిప్ కంటే ఎన్నో రెట్లు బరువైనది.

బ్యాంకుకు వెళ్లే ముందు ఒక విషయం సరిచూసుకోవాలి. వ్యక్తులు వ్యాపారానికి కాక సొంత అవసరాలకు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు (మారుతూ ఉండే వడ్డీ) రుణాలపై ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయరాదన్న రిజర్వు బ్యాంకు ఆదేశం 2026 జనవరి 1 నుంచి మంజూరైన లేదా పునరుద్ధరించిన రుణాలకు వర్తిస్తుంది. మీ రుణం 2025 నాటిది కాబట్టి, అది ఫ్లోటింగ్ రేటుదో, మారని వడ్డీదో, ఒప్పంద పత్రంలో రుసుము ఎంత రాశారో, ఏడాదికి ఎన్నిసార్లు పాక్షికంగా కట్టనిస్తారో రాతపూర్వకంగా అడగండి. రుసుము ఉంటే నెలనెలా కట్టకుండా, ఆ డబ్బును రికరింగ్ డిపాజిట్‌లో వేస్తూ ఏడాదికొకసారి 13,000 రూపాయలు కట్టండి. కట్టేటప్పుడు వాయిదా మొత్తాన్ని తగ్గించవద్దని, గడువునే తగ్గించమని దరఖాస్తులో స్పష్టంగా రాయండి. మీరు ఏమీ చెప్పకపోతే చాలా శాఖల్లో వాయిదానే తగ్గించి చేతులు దులుపుకుంటారు.