సమాధానం: ఎండల్లో పోయిన దోమలు వానలకు ఎలా తిరిగొస్తాయి?

మేలో వరంగల్‌లో 43 డిగ్రీలు కాస్తే దోమలే కనిపించలేదు, వానలు మొదలవగానే వీధిలో డెంగీ కేసులు, కూలర్ నీళ్లు రోజూ మార్చాలా అని అడిగారు కదండీ. రోజూ అక్కర్లేదు, వారానికోసారి చాలు. కాకపోతే పారబోసి ఊరుకుంటే లాభం లేదు.

డెంగీ దోమ ఈడిస్ నీటి అంచున, తొట్టి గోడకే గుడ్లు పెడుతుంది. నల్లగా, ఆవగింజకన్నా చిన్నగా ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి చావవు, నీళ్లు తగలగానే పొదుగుతాయి. మేలో మీకు కనబడనివి దోమలే, గుడ్లు అక్కడే ఉన్నాయి! అందుకే పీచు పెట్టి గోడలు గట్టిగా రుద్దాలి.

వారం లెక్క ఎందుకంటే, 28 డిగ్రీల దగ్గర గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. 20 దగ్గరైతే రెండు వారాలు దాటుతుంది. నీళ్లు 40 దాటి కాగితే పిల్లపురుగులు బతకవు.

అసలు కిటుకు ఇంకోటుంది. రోగి రక్తం తాగిన దోమ వెంటనే జబ్బు అంటించలేదు. వైరస్ దాని కడుపులో పెరిగి లాలాజలంలోకి చేరాలి. 25 డిగ్రీల్లో దీనికి రెండు వారాల దాకా పడితే, 30లో వారమే. దోమ బతికేదే రెండు మూడు వారాలు, ఇక చూసుకోండి. ఆగస్టు వాతావరణం దానికి సరిగ్గా సరిపోతుంది.

ఫాగింగ్ పొగ ఎగిరే దోమలకే, గుడ్లకు కాదు. ఫ్రిజ్ వెనక ట్రే కూడా చూడండి. వెచ్చగా ఉంటుంది, ఎవరూ తొంగిచూడరు.